పదకొండో తిత్తి

నమోదు 1. కృత్తిక కార్తె, మంగళవారం

ఈ రోజు మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో నా తమ్ముడు మైలపల్లి దండాసి దాహంతో చనిపోయాడు. ఆ సమయానికి అతను తీరనాడు దేశంలోకెల్లా పెద్ద మంచినీటి నిల్వ మీద కూర్చుని ఉన్నాడు.

ఇంతవరకు తెలిసిన వివరాలు ఇవి. దండాసి తెప్పనీటి కంపెనీలో తిత్తి కాపరి. కొత్తరేవుకి తూర్పున సముద్రంలో కంపెనీ తిత్తులు ఇరవై లంగరు వేసి ఉంటాయి. ఒక్కొక్కటి వీధి పొడవున్న రబ్బరు సంచి, లోపల వాననీళ్ళు. మూతి దగ్గర ఒక తెప్ప, తెప్ప మీద రేకుల గుడిసె, గుడిసెలో కాపరి. వారం కాపలా, వారం ఇల్లు. కాపరికి సొంత పడవ ఇవ్వరు. ఇస్తే నీళ్ళు ఒడ్డుకి తరలిపోతాయని భయం. రోజుకోసారి కంపెనీ పడవే అన్నం, తాగే నీళ్ళు తెచ్చివ్వాలి. పదకొండో తిత్తికి శుక్రవారం నుంచి పడవ వెళ్ళలేదు. ఈ రోజు వెళ్ళేసరికి దండాసికి కొన ఊపిరి ఉంది. నోట్లో నీళ్ళు పోసేలోపు పోయింది.

పడవల ఇన్‌చార్జిని అడిగాను.

"ఇంజను సెడిపోనాది మేడమ్. అయినా ఆడు నీళ్ళ మీదే ఉన్నాడు గదా, ఆడికి దాహమేటి?" అన్నాడు.

అతను బుకాయించలేదు. నిజంగానే అతనికి అర్థం కాలేదు. తిత్తి మూతికి కంపెనీ ముద్ర ఉంటుంది, ముద్ర పక్కన మేకు పట్టేంత కన్నం ఉంటుంది, కాపరులందరూ దానికి నోరు పెట్టి తాగుతారు. రేవులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. పడవ ఆలస్యమైతే ఎవరూ కంగారుపడకపోవడానికి కారణం అదే.

నేను 'రేవు వార్త'లో ఆర్థిక విలేకరిని. ఏటా దేశంలోని పది పెద్ద కంపెనీల వరస రాసేది నేనే. ఈ నమోదులు మాత్రం పత్రికకి ఇవ్వను.

నమోదు 2. బుధవారం

రాత్రి మంచు పట్టడానికి ఆరుబయట కట్టిన మంచుగుడ్డ పొద్దున పిండితే పావు గ్లాసు నీళ్ళు వచ్చాయి. గాలిలో తడి తగ్గుతోంది. రోహిణి దగ్గరపడుతోంది.

ఆఫీసుకి వెళ్ళేసరికి ఎడిటర్ కామేశం లేచి నిలబడి చేతులు జోడించాడు. ఇరవై ఏళ్ళలో నన్ను చూసి ఆయన లేవడం ఇదే మొదటిసారి.

"మీ తమ్ముడు దేశానికే పేరు తెచ్చాడమ్మా," అంటూ కంపెనీ ప్రకటన నా ముందు పెట్టాడు.

దాని సారాంశం: చేతికందే దూరంలో దేశ సంపద ఉన్నా, ప్రాణం పోతున్నా, ఒక్క గుక్క ముట్టని కాపరి మైలపల్లి దండాసి. అతని బొమ్మతో కొత్త పది చెంబుల నోటు విడుదల చేస్తారు. కుటుంబానికి పరిహారం ఇస్తారు.

మా డబ్బు పేరు చెంబు. చెంబు నోటు పట్టుకెళ్ళినవాడికి తెప్పనీటి కంపెనీ ఒక చెంబు మంచినీళ్ళు ఇచ్చి తీరాలని నోటు మీదే రాసి ఉంటుంది. నూతులన్నీ ఉప్పుతేలిపోయాక పుట్టిన డబ్బు అది. చిల్లరకి గుక్కలు.

దండాసి గురించి నాకు తెలిసిన వాస్తవాలు వేరు. చిన్నప్పుడు అమ్మ దేవుడికి పెట్టిన పానకం హారతి అవ్వకముందే తాగేసేవాడు. నా పెళ్ళిలో విడిదివాళ్ళకి దాచిన మజ్జిగ బిందె ఖాళీ చేసి, పిల్లి మీద పెట్టాడు. బిందె మూత మీద రాయి ఉంది, పిల్లి ఎలా ఎత్తిందిరా అంటే, "రెండు పిల్లులు" అన్నాడు. వాడు మంచివాడు. నిజాయితీపరుడు కాడు.

నీళ్ళు అందేలా ఉంటే దండాసి తాగేవాడు. తాగలేదు.

ఈ రెండు వాక్యాల తర్వాత రావలసిన మూడో వాక్యం నాకు తెలుసు. రాయడానికి ఆధారం చాలదు. నాకు పగ ఉంది. పగ ఉన్న విలేకరి ప్రతి వాస్తవాన్నీ రెండుసార్లు సరిచూసుకోవాలి.

నమోదు 3. గురువారం

చిన్నదినం. మా వాళ్ళలో పోయినవాడికి మూడో రోజు కూడు అతను పోయిన చోటే పెట్టాలి. కంపెనీ పడవ ఇచ్చింది, తెడ్డు వేసే మనిషిని కూడా ఇస్తానంది. మనిషి వద్దన్నాను. నేను, దండాసి భార్య అసిరమ్మ చెరో తెడ్డు పట్టుకుని వెళ్ళాం. పడవలో చేప పులుసు, అన్నం, ఒక చెంబు నీళ్ళు. ఆ చెంబు అసిరమ్మ రెండు రోజుల వాటా.

తిత్తుల వరస పక్కనుంచి పోతుంటే మూడో తిత్తి దగ్గర అసిరమ్మ తెడ్డు ఆపింది.

"ఇదే ఒదినా, నిరుడు ఈయన కాపలా కాసిన తిత్తి. ఇక్కడున్నన్నాళ్ళూ ఇంటికొస్తే పెద్ద కేరేజీ నిండా నీళ్ళు తెచ్చీవోడు. కింద గిన్నెలో నీళ్ళు, పైగిన్నెలో రెండు మెతుకులు. గేటుకాడోడు మూతి తీస్తే మెతుకులే కనబడీవి."

"పదకొండుకి మార్చినాకో?"

"కాళీ కేరేజీ. కాపలా గట్టిదా అనడిగితే నవ్వీవోడు. 'ఆ తిత్తి నాకంటే పెద్ద దొంగే' అన్నాడోపాలి. నాకేటి తెలుస్తాది? ఏదో ఎకసెక్కం అనుకున్నాను."

తెడ్డుతో మూడో తిత్తిని ఒక దెబ్బ వేశాను. బియ్యం బస్తాని కొట్టినట్టు దబ్బుమంది. తర్వాత వరసగా ప్రతి తిత్తినీ కొట్టుకుంటూ పోయాను. నిండినవి దబ్బుమన్నాయి. కొన్ని మోగాయి. పదకొండోది అన్నిటికన్నా ఎత్తుగా, నిండుగా కనిపిస్తోంది. దాన్ని కొడితే ఖంగుమంది.

"డప్పునాగ మోగతందేటి?" అంది అసిరమ్మ.

"పైనంతా గాలి."

"మరి కిందో?"

సముద్రాన్ని చూపించాను. ఆమె వంగి అటు చూసింది. తర్వాత పులుసన్నం నీళ్ళలో వదిలింది. చెంబు మాత్రం వంచలేదు. తిత్తి మూతి పక్కన కన్నం వెతికి, వేలు పెట్టి, వేలు నాకింది. ఉమ్మింది.

"ఈయన దాహంతో సచ్చిపోనాడని ఏడిసాను గానీ," అంది, "పక్కనే ఉప్పునీళ్ళెట్టుకుని, మంచినీళ్ళ మీద ఉన్నాడని అందరూ అనుకుంటంటే సచ్చిపోనాడు."

చెంబు నీళ్ళు ఇద్దరం సగం సగం తాగి వెనక్కి వచ్చాం. అలా చేసినందుకు దండాసి కోప్పడడు. వాడైతే మొత్తం తాగేసేవాడు.

ఇరవైలో మోగినవి ఏడు.

నమోదు 4. ఆదివారం

పది పెద్ద కంపెనీల వరస అచ్చయింది. ఎప్పటిలాగే మొదటిది తెప్పనీటి కంపెనీ. రెండోది గాలిమరలు, మూడోది నాచుబట్ట, నాలుగోది ఓడల కూల్పు. మిగిలిన ఆరింటిలో ఎవరూ ఎవరినీ దాటలేదు. మొదటిది తప్ప తక్కిన తొమ్మిదింటి ఆస్తులూ చెంబుల్లోనే లెక్క. అంటే పది కంపెనీలు ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, ఉన్నది ఒక్కటి. తక్కినవి దాని మీద పెట్టిన గిన్నెలు.

ఈ ఏడాది వ్యాసంలో మొదటి పేజీ మొత్తం దండాసికి ఇచ్చాను. 'మన సంపదకు కాపలా: పదకొండో తిత్తి' అని శీర్షిక పెట్టాను. పదకొండు అన్న మాట తొమ్మిది చోట్ల వచ్చేలా రాశాను. కంపెనీ ప్రకటనలోని ఒక్క మాట కూడా మార్చలేదు. తిత్తి బొమ్మ పెద్దగా వేయించాను.

మధ్యాహ్నానికి రేవులో పిల్లలు పదకొండో నంబరు ఆట ఆడుతున్నారు. ఒకడు కాపరి, తక్కినవాళ్ళు దొంగలు.

అసిరమ్మ పత్రిక చుట్టచుట్టి పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"సిగ్గునేదేటి నీకు? ఆళ్ళ పాట నువ్వూ పాడతన్నావు. ఎంతిచ్చినారేటి?"

"కూకో అసిరీ."

"కూకోను. కంపెనీకి నీకంటే మంచి డప్పు దొరకదు. కొడితే ఖంగుమంటావు."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె మరింత మండిపడింది. అప్పుడు రోహిణి చలివేంద్రం గురించి చెప్పాను.

ఈ ఆనవాయితీ దేశంలో అందరికీ తెలిసిందే, అందుకే ఎవరూ దాని గురించి ఆలోచించరు. రోహిణి కార్తె మొదటి రోజున దేశంలోకెల్లా పెద్ద కంపెనీ రేవులో చలివేంద్రం పెట్టాలి. అడిగినవాడికి లేదనకుండా సూర్యుడు దిగేదాకా నీళ్ళు పొయ్యాలి. ఆ ఏడాదిలో దాహానికి మనిషిని పోగొట్టుకున్న ఇంటివాళ్ళలో ఒకరిని పిలుస్తారు. ఏ తిత్తి నీళ్ళు పొయ్యాలో పిలుపు అందినవాళ్ళు చెప్పాలి. ఆ తిత్తి నుంచి చలివేంద్రానికి వేసిన గొట్టాన్ని, రేవు కోర్టు ముద్ర వేశాక, సాయంత్రం దాకా మార్చకూడదు. కంపెనీ అధ్యక్షుడు మొదటి చెంబు ఎత్తి, పెదవులకి తగలకుండా గొంతులో పోసుకుని, ఖాళీ చేసి, "తియ్యగా ఉన్నాయి" అనాలి. ఆ మాటతో మరో ఏడాదికి నోట్లు చెల్లుతాయి. ఆ రోజంతా అతను ఆ నీళ్ళు తప్ప ఇంకేమీ తాగకూడదు.

ఇప్పటిదాకా పిలిచినవాళ్ళందరూ "ఒకటో తిత్తి" అనే అన్నారు. ముందు రోజే కంపెనీవాళ్ళు అలా చెప్పిస్తారు.

అసిరమ్మ కూర్చుంది.

నమోదు 5. గురువారం

అనుకున్నట్టే పిలుపు వచ్చింది. కంపెనీ ప్రచార అధికారి సువర్చల స్వయంగా వచ్చి నన్ను ప్రధాన కార్యాలయానికి తీసుకెళ్ళింది. చిన్న వయసు, మంచి మాట. దారిలో రెండుసార్లు దండాసి గురించి మాట్లాడుతూ గొంతు తడబడింది. ఆమెకి ఏమీ తెలియదని రాసిపెట్టుకుంటున్నాను.

అధ్యక్షుడు భద్రేశ్వరరావు గదిలో గాజు కూజా నిండా నీళ్ళున్నాయి. నిండిన కూజాని నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. ఆయన తన చేత్తో గ్లాసు నింపి ఇచ్చాడు.

"మీ వ్యాసం చదివాను నూకరత్నం గారూ. కళ్ళు చెమర్చాయి."

"అంత తడి వృథా చెయ్యకూడదు సార్."

ఆయన హాయిగా నవ్వాడు. "మీరు రాసేటప్పుడు ఇలా ఉండరే! చాలా పొడిగా రాస్తారు."

"పొడి విషయాలే దొరుకుతాయి."

సువర్చల కార్యక్రమం చదివింది. తొమ్మిదింటికి నన్ను వేదిక మీదకి పిలుస్తారు. 'ఒకటో తిత్తి' అని నేను గట్టిగా చెప్పాలి. మైకు సరిగా పని చెయ్యకపోయినా ఇబ్బంది లేదు, గొట్టం ముందే ఒకటికి బిగించి ఉంటుంది.

"ఒకటే ఎందుకు సార్?" అని అడిగాను.

"ఒకటి శుభం కదమ్మా."

"మా తమ్ముడి పరిహారం?"

"ఆ రోజే వేదిక మీద. కొత్త నోట్లలో. అతని బొమ్మతో."

గ్లాసు ఖాళీ చేశాను. ఇంకో గ్లాసు అడిగాను, పోశాడు. అదీ తాగాను. మొత్తం కూజా తాగాలనిపించింది గానీ, అది పనికి అడ్డు వస్తుంది.

పడవ ఎందుకు వెళ్ళలేదని అడగలేదు. ఆయన కూడా ఆ సంగతి ఎత్తలేదు. మోగిన ఏడు తిత్తులూ ఎప్పుడు గాలి నింపుకున్నాయో అడగలేదు. రెండు వానాకాలాలు తప్పిపోయాయి, నోట్లు మాత్రం ఏటా పెరిగాయి. ఈ రెండూ నేనే వేర్వేరు పేజీల్లో రాశాను.

నమోదు 6. శనివారం

అసిరమ్మ పాత నోట్లన్నీ కంపెనీ నిల్వకి పట్టుకెళ్ళి నీళ్ళకి మార్చేసింది. నీళ్ళు బానల్లో పోయించుకుని మూతులకి గుడ్డ కట్టింది. నా నోట్లు కూడా ఇచ్చాను, నా బానలూ నిండాయి. నిల్వ గుమస్తా "ఏంటమ్మా, పెళ్ళా?" అన్నాడట. "మా ఆయన పెద్దదినం" అందట.

సాయంత్రం గుమ్మంలో కూర్చుని అడిగింది.

"మన బానలు నిండినాయి. మిగతా ఓళ్ళో ఒదినా? మా సందులో సీరలమ్మీ గున్నమ్మ ఉంది. ఆయమ్మకి దాసుకున్నియ్యన్నీ నోట్లే. రేపు దానికి ఏటి సెప్తావు?"

ఆమె ఈ ప్రశ్న వేస్తుందని నాకు తెలుసు. నేను కొన్ని రోజులుగా దాని చుట్టూ తిరుగుతున్నాను. తెలిసినంతవరకు లెక్క ఇది: పదమూడు తిత్తులు నిండి ఉన్నాయి. తలకింత అని పంచితే తొలకరి దాకా ఎవరూ చావరు. నోట్లు చూపించినవాళ్ళకే ఇస్తే, నోట్లు ఎక్కువున్నవాళ్ళు ముందు తీసుకుపోతారు, గున్నమ్మ వంతు వచ్చేసరికి డప్పులు మిగులుతాయి. ఇప్పుడు చెబితే పదమూడున్నాయి. వచ్చే రోహిణికి ఎన్నుంటాయో తెలియదు.

ఇదే ఆమెకి చెప్పాను.

"అయితే నువ్వు జనం కోసం సేస్తన్నావా?" అని సూటిగా చూసింది.

"కాదు. దండాసి కోసం. ఆ భద్రేశ్వరరావు ఆ నీళ్ళు తాగాల. అందరి ముందూ తాగాల. లెక్క సరిపోవడం మన అదృష్టం."

తల ఊపింది. ఆ జవాబే ఆమెకి నచ్చినట్టుంది.

"ఆయన తాగి తియ్యగున్నాయనీస్తే?"

"అనొచ్చు."

"అప్పుడు నువ్వు కాదంటే ఎవులు నమ్ముతారు? పేపరోళ్ళు, డబ్బున్నోళ్ళు తగూ ఆడుకుంటన్నారంటారు." కొంగు బిగించుకుంది. "వరసలో ముందు నాను నిలబడతాను. దండాసి పెళ్ళాం తాగి ఉమ్మితే నమ్మనోడుండడు."

నమోదు 7. రోహిణి కార్తె, మొదటి రోజు

వేదిక వెనక గుడారంలో కూర్చుని రాస్తున్నాను. ఉదయం జరిగింది జరిగినట్టు.

రేవంతా జనం. తాటాకు పందిరి, కుండలు, వరసగా చెంబులు. సువర్చల నన్ను వేదిక మీదకి పిలిచి, దండాసి గురించి చక్కగా మాట్లాడింది. భద్రేశ్వరరావు పరిహారం సంచి నా చేతిలో పెట్టాడు. కొత్త నోట్ల మీద దండాసి బొమ్మ నవ్వుతోంది. రెండు పిల్లులు అన్నప్పటి నవ్వే.

రేవు కోర్టు ముద్రాధికారి అడిగాడు: "ఏ తిత్తి?"

మైకు బాగానే పని చేసింది.

"నా తమ్ముడు ప్రాణం పెట్టి కాపాడిన తిత్తి. పదకొండోది."

ఒక్క క్షణం తర్వాత జనం హోరెత్తారు. "పదకొండు! పదకొండు!" పిల్లలు ఎగిరారు. వారం రోజులుగా వాళ్ళు చదివినది, ఆడుకున్నది ఆ అంకె. భద్రేశ్వరరావు మైకు అందుకుని, గొట్టం ఒకటికి బిగించి ఉందనీ, మార్చాలంటే ఆలస్యమవుతుందనీ అన్నాడు. "ఆగుతాం!" అని కేకలు. ముద్రాధికారి గొట్టం మార్పించి ముద్ర వేశాడు.

మొదటి చెంబు నిండింది. సువర్చల దాన్ని భద్రేశ్వరరావుకి అందిస్తూ, ఎండకి నాలుక ఎండిపోయిందేమో, అంచున జారే చుక్కని వేలితో అందుకోబోయింది. ఆయన ఆమె చేతిని చటుక్కున నెట్టేశాడు. ఆమె ఆయన వైపు చూసింది, తర్వాత నా వైపు.

ఆయన చెంబు ఎత్తాడు. ధార పెదవులకి తగలకుండా గొంతులో పడింది. గొంతు రెండుసార్లు ఆగింది, మళ్ళీ కదిలింది. మెడ నరాలు తేలాయి. ఆపలేదు. చెంబు బోర్లించి చూపించాడు.

"తియ్యగా ఉన్నాయి," అన్నాడు.

నేను చూసిన మనుషుల్లో ఇంత గట్టివాడు లేడు. ఇది పొగడ్తగానే రాస్తున్నాను.

జనం చప్పట్లు కొట్టారు. నోట్లు మరో ఏడాదికి చెల్లాయి. ఆయన పందిరి కింద కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికి చెమట కారడం మొదలైంది. సువర్చలని పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. ఆమె ముద్రాధికారి దగ్గరికి వెళ్ళి వచ్చింది. ముద్రాధికారి తల అడ్డంగా ఊపడం నాకు కనిపించింది. సాయంత్రం దాకా గొట్టం కదలదు.

తర్వాత భద్రేశ్వరరావు నన్ను పిలిచాడు. పెదవుల చివర తెల్లటి పొర ఎండి ఉంది.

"ఏం కావాలి మీకు?" అన్నాడు, గొంతు తగ్గించి. "చెప్పండి. ఏదైనా."

"దాహంగా ఉందా సార్?"

"ఇది ఆటలు ఆడుకునే విషయం కాదు. దేశం మునిగిపోతుంది. వరస మొదలయ్యేలోపు మీరే వేదికెక్కి మీ తమ్ముడి పేరు మీద ఈ రోజు మౌనం పాటిద్దామనండి, నీళ్ళు రేపు పోద్దామనండి. మీ మాట వింటారు."

"వింటారు. మీరే విన్నారు కదా."

"మీ మరదలికి, పిల్లలకి జీవితాంతం..."

కుండ దగ్గర నుంచి ఒక చెంబు నింపి ఆయన పక్కన పెట్టాను. ఈ రోజంతా ఆయన తాగగలిగినది అదొక్కటే. నా తమ్ముడికీ అంతే ఉండేది. ఆయనకి పడవ సాయంత్రం ఆరున్నరకి వస్తుంది, దండాసికి నాలుగు రోజులు రాలేదు. ఆ మాటే చెప్పి, గుడారంలోకి వచ్చి రాయడానికి కూర్చున్నాను.

సువర్చల ఇప్పుడే లోపలికి వచ్చింది. "మేడమ్, నన్నెందుకు తాగనివ్వలేదాయన?" అని అడిగింది. ఆమెకి నా సంచిలోని సీసా ఇచ్చాను, నా బానలోని నీళ్ళు. తాగింది. ఇంకేమీ అడగకుండా నా పక్కనే కూర్చుంది.

పదింటికి పందిరి గేటు తెరుస్తారు. వరస రేవు చివరిదాకా ఉంది. అందరికన్నా ముందు అసిరమ్మ, చేతిలో ఖాళీ చెంబుతో నిలబడి ఉంది. ఆమె వెనక చీరలమ్మే గున్నమ్మ. ముద్రాధికారి తాళంచెవి తీసుకుని గేటు వైపు నడుస్తున్నాడు.